మాస్టారిని అడగండి: జూలై ఒకటి, నంబరు 93

రెండు నెలల కిందట ఇదే పేజీలో, వర్జీనియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు వాషింగ్టన్ వెళ్లి వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్న గోడ చూసొచ్చానని నాలుగు వాక్యాలు రాశాను. పక్కింటాయన తీసుకెళ్లాడనీ, ఆయన ఆ యుద్ధంలో లారీ నడిపాడనీ రాశాను. అంతే. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ముప్ఫై మూడేళ్లు చరిత్ర పాఠం చెప్పినందుకు కూడా రాలేదు. ఆరింటికి ఇక్కడ జవాబు. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

"సార్, నమస్తే. మా మనుమడు డల్లాస్‌లనే పుట్టిండు. మొన్ననే పద్దెనిమిదేండ్లు నిండినయి. పేరు రాపిచ్చుకోమని మిలిటరీ ఆఫీసు నుంచి కాయితం వచ్చిందట. కోడలు నవ్వి ఊకున్నది. నాకైతే నిద్ర పడ్తలేదు. మీరు రాసిన పక్కింటాయనను గిట్లనే కాయితం పంపి తోల్కపోయిన్రా?" – ఒక నాయనమ్మ, జగిత్యాల

అమ్మా, ముందు మీకే జవాబు. మిగతావాళ్లెవరూ నిద్ర మానుకుని రాయలేదు. మీ మనవడిని ఎవరూ తీసుకెళ్లడం లేదు. అమెరికాలో బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం 1973లోనే ఆగిపోయింది. ఇప్పుడున్నది పేర్ల పట్టిక మాత్రమే. దాన్ని కూడా 1975లో ఆపేశారు. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగాక 1980లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ మళ్లీ మొదలుపెట్టాడు. 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలు, పౌరులైనా సరే, గ్రీన్‌కార్డు వాళ్లైనా సరే, ఆ పట్టికలో ఉండాలి. విద్యార్థి వీసా మీదో, ఉద్యోగానికెళ్లినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీదో ఉన్నవాళ్లకు అక్కర్లేదు. నమోదు కాకపోతే చట్టప్రకారం నేరం. రేపు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే అడ్డొస్తుంది. కాబట్టి నవ్వడం అయిపోయాక ఆ పని చూడమని కోడలికి చెప్పండి. ఆ పట్టికలోంచి మనుషుల్ని పిలవాలంటే అక్కడి కాంగ్రెస్ కొత్తగా చట్టం చెయ్యాలి. మీరు పడుకోండి.

ఇక పక్కింటాయన సంగతి. అవునమ్మా, కాగితం పంపే తీసుకెళ్లారు. దానికి ముందు లాటరీ తీశారు.

1969 డిసెంబర్ 1, రాత్రి పూట. వాషింగ్టన్‌లో ఒక ఆఫీసు, టీవీ కెమెరాలు, మధ్యలో పెద్ద గాజు జాడీ. మన ఊరగాయ జాడీయే, కాకపోతే గాజుది. అందులో 366 నీలం రంగు ప్లాస్టిక్ గొట్టాలు. ఒక్కో గొట్టంలో చుట్టిపెట్టిన చీటీ మీద ఒక్కో తారీఖు, ఫిబ్రవరి 29తో సహా. 1944 నుంచి 1950 దాకా పుట్టిన మగపిల్లల జాతకాలన్నీ ఆ జాడీలో ఉన్నాయి. మొదట చేతికొచ్చింది సెప్టెంబర్ 14. ఆ రోజు పుట్టినవాళ్లందరూ నంబరు 1. ఆఖరున జూన్ 8, నంబరు 366. చివరికి పిలిచింది 195వ నంబరు దాకా. 196 పడ్డవాడు ఇంట్లో అన్నం తిన్నాడు.

మా పక్కింటాయన పుట్టింది 1950 ఫిబ్రవరి 14న. నంబరు 4. ఆయనకి పందొమ్మిదేళ్లు, తండ్రి గ్యారేజీలో పని. హాల్లో టీవీ నడుస్తోంది, వాళ్లమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కుర్చీలో సర్దుకుని కూర్చునే లోపే తన తారీఖు చదివేశారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది గానీ కుళాయి కట్టలేదట. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. ఆ రాత్రి గురించి తనకు గుర్తున్నది ఆ నీళ్ల చప్పుడొక్కటే అన్నాడు.

కాలేజీలో చదివేవాళ్లకు అప్పట్లో మినహాయింపు ఉండేది. అంటే స్తోమత ఉన్న ఇంటి కుర్రాడు చదువు సాగదీసుకుంటాడు, గ్యారేజీ కుర్రాడు తుపాకీ పట్టుకుంటాడు. ఆ దేశం ఇంటింటా రెండుగా చీలిపోవడంలో కమ్యూనిజం పాత్ర ఎంతో గానీ ఈ పంక్తిభేదం పాత్ర అంతకంటే ఎక్కువని నా అభిప్రాయం. లాటరీ పెట్టిందే ఆ గోల తగ్గించడానికి. తీరా ఆ లాటరీ కూడా సరిగ్గా తీయలేదు. నెలల వరసలో గొట్టాలు పోసి బాగా కలపకుండా వదిలేశారు. డిసెంబర్ పిల్లలకు చిన్న నంబర్లు ఎక్కువ పడ్డాయి. లెక్కలు తెలిసినవాళ్లు పట్టుకుని అడిగితే మరుసటేడు పద్ధతి మార్చారు. బస్తా పైన నాలుగు గింజలు చూసి ధాన్యం కొనకూడదని మా ఊళ్లో కమిషన్ వ్యాపారి గుమస్తాకి కూడా తెలుసు.

ఇంటికొచ్చి నా నంబరు వెతుక్కున్నాను. నా సర్టిఫికెట్ల మీద పుట్టినరోజు 1–7–1950. ఈ పత్రిక చదివే నా ఈడువాళ్లలో చాలామందికి అదే పుట్టినరోజు అయ్యుంటుంది. బళ్లో వేసేటప్పుడు మా హెడ్మాస్టరుగారు అందరికీ వరసపెట్టి జూలై ఒకటి రాసేవారు. మా అమ్మ లెక్కలో నేను పుట్టింది అట్లతద్ది మర్నాడు. ఇంగ్లీషు తారీఖు ఎవరూ రాసుకోలేదు. జూలై 1కి ఆ రాత్రి పడ్డ నంబరు 93. పిలిచేవాళ్లే. మా ఊరు గనక అమెరికాలో ఉండుంటే, హెడ్మాస్టరుగారు ఒక్క కలంతో మా తరగతి మగపిల్లలందరినీ యుద్ధానికి పంపించేసేవారు.

"అంత చిన్న దేశం మీదకు అమెరికా ఎందుకెళ్లింది మాస్టారూ? పది మార్కులకు సరిపడా చెప్పండి." – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

పది మార్కులకు కావాలంటే గైడు కొనుక్కో నాయనా. నేను ఐదు మార్కులకే చెప్పగలను.

1945 సెప్టెంబర్ 2న హనోయిలో కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. మొదలుపెట్టింది అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోనే. వియత్నాంను వలసగా ఏలిన ఫ్రాన్స్ ఒప్పుకోలేదు, యుద్ధం చేసింది, 1954 మేలో దియెన్ బియెన్ ఫూ దగ్గర చిత్తుగా ఓడింది. జెనీవాలో కూర్చుని 17వ అక్షాంశం దగ్గర దేశాన్ని తాత్కాలికంగా రెండు చేసి, 1956లో ఎన్నికలు పెట్టి కలుపుతామన్నారు. అవి జరగలేదు. జరిగితే హో గెలుస్తాడన్న భయం దక్షిణాది పాలకుడు దియెమ్‌కీ ఉంది, ఆయన్ని నిలబెట్టిన అమెరికాకీ ఉంది. ఈ ఒప్పందం అమలు చూడ్డానికి వేసిన కమిషన్‌కు అధ్యక్షత మన ఇండియాదే, అటు కెనడా, ఇటు పోలండ్. ఉత్తరంవాళ్ల తప్పులూ అమెరికావాళ్ల తప్పులూ రెండూ మనవాళ్లు 1962 రిపోర్టులో రాశారు. రెండు వైపులా ఎవరూ ఖాతరు చెయ్యలేదు.

అమెరికా భయం ఏమిటంటే, ఒక దేశం ఎర్రబడితే పక్కదేశం, దాని పక్కది, వరసగా నిలబెట్టిన ముక్కల్లా పడిపోతాయని. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చెప్పిన పోలిక అది. 1949లో చైనా అలా పోయిందని అక్కడి రాజకీయాల్లో అప్పటికే ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. తర్వాతి ప్రతి అధ్యక్షుడికీ ఒకటే దిగులు: పోతే పోయింది గానీ నా హయాంలో పోకూడదు.

గుంటూరు జిల్లావాడివి, నీకు ఇలా చెబితే తెలుస్తుంది. గట్టు తగాదాలో మునసబు కోర్టుకెళ్లినవాడిని చూశావు కదా. అక్కడ ఓడితే జిల్లా కోర్టు, ఆపైన హైకోర్టు. మధ్యలో పెద్దమనుషులు రాజీ పడమంటే, "మరి ఇప్పటిదాకా పెట్టిందో?" అంటాడు. గట్టు విలువ ఎంతో ఎప్పుడో మర్చిపోయాడు. కెన్నెడీ పోయేనాటికి వియత్నాంలో అమెరికన్ సలహాదారులు పదహారు వేలు. 1965 మార్చి 8న దానంగ్ ఒడ్డున మెరైన్లు దిగారు, 3,500 మంది. 1969 ఏప్రిల్‌కి 5 లక్షల 43 వేల మంది.

ఆ దావాలో దొంగ కాగితం కూడా ఒకటుంది. 1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికన్ నౌక మీద ఉత్తర వియత్నాం దాడి నిజంగానే జరిగింది. 4వ తేదీన జరిగిందన్న రెండోది జరగనేలేదు. ఆ రెండోదాన్ని చూపించి అధ్యక్షుడు జాన్సన్ 7న, అక్కడ సైన్యాన్ని వాడే అధికారం తనకిస్తూ కాంగ్రెస్ చేత తీర్మానం చేయించుకున్నాడు. దిగువ సభలో 416–0, సెనేట్‌లో 88–2. వద్దన్న ఆ ఇద్దరి పేర్లు రాస్తే దిద్దేవాడు అరమార్కు ఎక్కువేస్తాడేమో: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్.

"సూటిగా చెప్పండి. అమెరికా గెలిచిందా, ఓడిందా?" – ఒక పాఠకుడు, కాకినాడ

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని లోపలికి వెళ్లిన ట్యాంకులు అమెరికావి కావు.

"కూతురు అక్కడ డాలర్లు సంపాదిస్తుంటే, అమెరికా ఉప్పు తింటూ అమెరికానే తప్పుపడతారా? ఆ యుద్ధం చెయ్యకపోతే ఆసియా మొత్తం ఎర్రబడేది. కమ్యూనిస్టులు అంత మంచివాళ్లైతే వియత్నాం జనం పడవలెక్కి ఎందుకు పారిపోయారు?" – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

బాబూ, మీ ఉత్తరంలో సగం నిజమే, దాన్ని ముందు ఒప్పుకుంటాను. 1975 తర్వాత గెలిచినవాళ్లు లక్షలమందిని 'పునర్విద్య' పేరుతో శిబిరాల్లో పెట్టారు. ఇరవై ఏళ్లలో దాదాపు ఎనిమిది లక్షల మంది పడవల్లో ప్రాణాలు అరచేత పట్టుకుని వేరే దేశాలకు చేరారు. ఎంతమంది దారిలో పోయారో సముద్రానికే తెలియాలి. మా అమ్మాయి కాకరకాయలు కొనేది ఫాల్స్ చర్చ్ అనే ఊళ్లో ఈడెన్ సెంటర్‌లో. అక్కడ వందకు పైగా వియత్నామీయుల కొట్లు. పార్కింగ్ స్థలంలో స్తంభం మీద పసుపు రంగు జెండా ఎగురుతుంది, మధ్యలో మూడు ఎర్ర చారలు. ఆ జెండా దేశం ఇప్పుడు పటంలో లేదు. కూరలమ్మే ముసలావిడ సంచిలో కాయలు వేస్తూ దాని వంక ఒకసారి చూసుకుంది. ఆవిడ ముందు నిలబడి కమ్యూనిస్టులను పొగడమంటే నావల్ల కాదు.

మిగతా సగానికి వస్తాను. అమెరికాను తప్పుపట్టానన్నారు. ఏ అమెరికాను? 1968 మార్చి 16న మై లై అనే పల్లెలో అమెరికన్ సైనికులు ఊరివాళ్లను చంపారు. వియత్నాం లెక్కలో 504 మంది, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. చంపినవాళ్లు అమెరికన్లే. హెలికాప్టర్ మధ్యలో దింపి కొందరినైనా కాపాడిన హ్యూ థాంప్సన్ కూడా అమెరికనే. ఏడాదిన్నర తొక్కిపెట్టిన సంగతిని బయటికి లాగిన విలేకరి సీమోర్ హెర్ష్ కూడా అమెరికనే. అందుకు శిక్షపడ్డ లెఫ్టినెంట్ కేలీని వదిలెయ్యమని వైట్‌హౌస్‌కి టెలిగ్రాములు కురిపించిన జనం కూడా అమెరికన్లే. 1970 మే 4న ఒహాయోలో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో యుద్ధం వద్దన్న పిల్లల మీద నేషనల్ గార్డ్ 13 సెకన్లలో 67 గుళ్లు పేల్చింది, నలుగురు పోయారు. నాలుగు రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆ నలుగురి కోసం ఊరేగింపు చేస్తున్న విద్యార్థులను ఇనుప టోపీల భవన కార్మికులు వెంటపడి కొట్టారు. ఆ కార్మికుల్లో కొడుకులు వియత్నాంలో ఉన్నవాళ్లూ ఉంటారు. వీళ్లలో ఎవరి పక్షం మాట్లాడితే నేను అమెరికా మంచి కోరినట్టో మీరే చెప్పండి.

ఇక ఉప్పు. ఉప్పు సంగతి తెలీదు గానీ గోధుమలు తిన్నాను. 1965, 66ల్లో వరసగా వానలు మొహం చాటేస్తే పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద ఓడల్లో గోధుమలు వచ్చాయి. మా రేషన్ డిపో దగ్గర గోనెసంచి పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్లలో నేనొకణ్ని. పుట్టి బుద్ధెరిగి వరన్నం తప్ప ఎరగని మా అమ్మ ఆ ఎర్ర గోధుమలు మరపట్టించి రొట్టెలు చేస్తే అట్టముక్కల్లా ఉండేవి. మా నాన్న పులుసులో నానేసుకుని తినేవాడు. ఆ రోజుల్లోనే ఇందిరాగాంధీ ఉత్తర వియత్నాం మీద బాంబులు ఆపమంది. జాన్సన్‌కి ఒళ్లు మండింది. గోధుమలు ఒక్కసారిగా పంపకుండా నెలకింత అని తనే చూసుకుని వదిలాడు. మన సేద్యాన్ని దారిలో పెట్టడానికని ఒక కారణం చెప్పారు, అదీ అబద్ధం కాదు. వియత్నాం కోపం కూడా ఆ తూకంలో ఉంది. వాళ్ల గోధుమలు తింటూనే వాళ్లకు వద్దని చెప్పాం బాబూ. అప్పట్లో సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. (పొలంగట్ల మీద వయ్యారిభామ కలుపు ఆ గోధుమలతోనే దిగిందని అంటారు. దానికి మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాం.)

"మీ పక్కింటాయన ఆరోగ్యం ఎలా ఉందండీ?" – ఒక నర్సు, విజయవాడ

ఇన్ని ఉత్తరాల్లో ఈ మాట అడిగింది మీరొక్కరే తల్లీ. షుగర్. నాకూ షుగరే. నాది వంశం, ఆయనది డ్రమ్ము.

1962 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు వియత్నాం అడవుల మీద ఆకులు రాలగొట్టే మందు కొట్టాయి, శత్రువు దాక్కోకుండా. వాటిలో ఎక్కువ వాడిన మందు డ్రమ్ముల మీద నారింజ రంగు పట్టీ ఉండేది, అందుకే ఏజెంట్ ఆరెంజ్ అన్నారు. అందులో డయాక్సిన్ అనే విషం కలిసి ఉంది. ఆ కాలంలో వియత్నాంలో పనిచేసిన సైనికుడికి ఈ రకం షుగర్ వస్తే, దానివల్లే వచ్చిందని అనుకుని అక్కడి ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తుంది. వేరే రుజువు అడగరు. ఇదే మందు కింద బతికిన వియత్నాం జనం అమెరికన్ కోర్టులో వేసిన దావాను మాత్రం 2005లో కొట్టేశారు.

పొద్దున్నే కంచెకి అటు ఆయన, ఇటు నేను నిలబడి సూది గుచ్చుకున్న నంబర్లు చెప్పుకునేవాళ్లం. నాది 140 దాటితే, "నిన్న మీ అమ్మాయి ఏం స్వీటు చేసింది?" అని నిలదీసేవాడు. ఆయనది ఎంతైనా నేనేమీ అడిగేవాణ్ని కాదు.

"ఆ గోడకి వేసింది మా చీమకుర్తి రాయేనని క్వారీలో అందరూ అంటున్నారు. పందెం కూడా కాశాను. నిజమేనా మాస్టారూ?" – ఒక లోడింగ్ మేస్త్రీ, చీమకుర్తి

పందెం ఓడిపోయారండీ. సగం మాత్రమే. రాయి మన దేశానిదే, బెంగళూరు వైపు నుంచి వెళ్లింది. మీ గెలాక్సీ రాయి నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు మెరుస్తాయి. ఆ గోడలో చుక్కన్నది లేదు, నిలువుటద్దంలా నున్నటి నలుపు. రాయిని కోసి నునుపు పెట్టింది వెర్మాంట్ రాష్ట్రంలో బ్యారీ అనే ఊళ్లో, పేర్లు చెక్కింది మెంఫిస్‌లో. కెనడా, స్వీడన్ రాళ్లు వద్దనుకోవడానికి, యుద్ధానికి రామని పారిపోయిన కుర్రాళ్లు తలదాచుకున్న దేశాలన్న పట్టింపు కూడా ఉందని చెప్పుకుంటారు. బాంబులు ఆపమన్న దేశం రాయికి మాత్రం ఆ పట్టింపు అడ్డు రాలేదు.

గీసిన అమ్మాయి మాయా లిన్, అప్పటికి యేల్ యూనివర్సిటీ విద్యార్థిని, ఇరవై ఒక్కేళ్లు. 1982 నవంబర్‌లో తెరిచారు. కట్టకముందు దాని మీద కూడా తగువే. విగ్రహం లేదు, జెండా లేదు, భూమిలోకి దిగిపోయిన నల్ల గోడేమిటి, ఇది మాకు అవమానమని కొందరు మాజీ సైనికులే పోట్లాడారు. వాళ్ల తృప్తి కోసం తర్వాత ముగ్గురు సైనికుల కంచు విగ్రహం పక్కన పెట్టారు. జనం మాత్రం గోడ దగ్గరే ఆగుతారు.

58 వేల పైచిలుకు పేర్లు. హోదా లేదు, ఊరు లేదు, అక్షరక్రమం లేదు. పోయిన వరసలో రాశారు. అందుకని మన మనిషి పేరు కావాలంటే ముందు అక్కడున్న లావుపాటి పుస్తకంలో పలక నంబరూ వరస నంబరూ చూసుకోవాలి. పేరు పక్కన చిన్న వజ్రం గుర్తుంటే మరణం ఖాయమైనట్టు, కూడిక గుర్తుంటే ఆచూకీ లేనట్టు. తర్వాత ఎప్పుడైనా ఎముకలు దొరికితే ఆ కూడిక గుర్తు మీదే వజ్రం చెక్కుతారు. మీ చేతిపనివాళ్లకు ఇది నచ్చుతుందని రాస్తున్నాను: చెరపకుండా దిద్దేలా ముందే ఆలోచించుకున్నారు.

పక్కింటాయన లారీ నడిపింది క్వి న్యోన్ రేవు నుంచి ప్లేకూ దాకా, 19వ నంబరు రోడ్డు మీద. దారిలో ఆన్ ఖే కనుమ ఉంది, మలుపులన్నీ లారీని మొదటి గేరులో నడిపించేవే, కాబట్టి కాల్చేవాడికి తీరిక. 1971లో అక్కడ ఆయన ముందు లారీలో ఉన్నవాడి పేరు కోసం మేం వెళ్లాం. పడమటి గోడ, మధ్య మలుపుకు దగ్గర. అక్కడ గోడ పదడుగుల ఎత్తు, పేరు ఆయన చేతికి అందలేదు. సాయం చేసే వలంటీర్లు అక్కడ చిన్న నిచ్చెనలు పెట్టుకుని ఉంటారు. ఒకాయన ఎక్కి, పేరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దుతూ, ఎక్కడి నుంచి వచ్చారని నన్ను అడిగాడు. ఇండియా అన్నాను. వేలి కణుపుతో రాయి మీద రెండుసార్లు కొట్టి, "ఇదీ అక్కడిదే" అన్నాడు.

"తెలుసు, బెంగళూరుది" అన్నాను.

చీమకుర్తి అని ఉండాల్సింది అంటారా? పక్కింటాయన ఆ కాగితం కోసం రెండు చేతులూ చాపి కింద నిలబడి ఉన్నాడండీ. ఊరి పేరు మీద వాదన పెట్టుకోబుద్ధి కాలేదు.